కప్పం లెక్క: మేడారం నుంచి ఢిల్లీని తూచడం

2024 మే 13న మనకు పోలింగ్ జరిగింది. దానికి ముందు నెలరోజులూ టీవీ చర్చలు చూసినవాళ్లు ఒకటి గమనించే ఉంటారు. చైనా సరిహద్దు, పాకిస్తాన్, గాజా, ఉక్రెయిన్ మీద చర్చ అంటే రిటైరైన సైనికాధికారిని పిలుస్తారు, మాజీ రాయబారిని పిలుస్తారు. దళితుణ్ణి పిలిస్తే రిజర్వేషన్ల గురించి అడుగుతారు. ఆదివాసీని పిలిస్తే పోడు గురించి అడుగుతారు. దేశం సంగతి వాళ్లకు, పథకాల సంగతి మనకు. ఈ పంపకం ఎవరు చేశారో తెలియదు గానీ ఏ పార్టీ దీన్ని కాదనలేదు.

బాధేమిటంటే మనలోనూ చాలామంది దీన్ని ఒప్పేసుకున్నారు. "విదేశాంగ విధానం మన కడుపు నింపుతదా?" అని నా విద్యార్థులే అడుగుతుంటారు. అడగడంలో తప్పులేదు. కానీ ఆ ప్రశ్నను కొంచెం తిప్పి అడగాలి. మన కడుపులోంచి అది ఎంత తీసుకుపోతున్నది? యుద్ధానికీ, యుద్ధ సన్నాహానికీ, యుద్ధం పేరు మీద జరిగే రాజకీయానికీ కప్పం కట్టేది ఎవరు? నాయకుల్ని తూచడానికి ఇంతకన్నా పాత బాటు మన దగ్గర లేదు. దాన్ని వెతకడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. ములుగు దాటి తాడ్వాయి అడవిలోకి పోతే చాలు.

*

మేడారం కథ మీ అందరికీ తెలుసు. కోయల నోట నడిచే కథకూ, తర్వాత పుస్తకాలకెక్కిన కథకూ తేడాలున్నాయి. పేర్లూ వావివరుసలూ వంశానికో తీరుగా ఉంటాయి. అది శాసనం కాదు, జ్ఞాపకం. కానీ అన్ని కథల్లోనూ మారని ముక్క ఒకటుంది. వరసగా కరువు వచ్చింది. మేడారాన్ని ఏలుతున్న పగిడిద్దరాజు ఓరుగల్లుకు కప్పం కట్టలేకపోయాడు. కాకతీయ ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు పోరాడి చనిపోయారు. జంపన్న సంపెంగవాగులో పడి ప్రాణం విడిచాడు. ఆ వాగే ఇప్పుడు జంపన్నవాగు. సమ్మక్క చిలకలగుట్ట వైపు పోయి కనిపించకుండాపోయింది. కుంకుమ భరిణె దొరికింది.

ఈ కథను ఆ కాలం చరిత్ర పక్కన పెట్టి చూడండి. 1310లో మాలిక్ కాఫర్ ఓరుగల్లును ముట్టడించినప్పుడు ప్రతాపరుద్రుడు లొంగి ఢిల్లీకి ఏటా కప్పం కడతానని ఒప్పుకున్నాడు. కప్పం ఆగిందని 1318లో ఖుస్రూ ఖాన్ దండెత్తి వచ్చాడు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. అంటే ఓరుగల్లు రాజుది కూడా కప్పం కట్టే బతుకే. పైవాడికి కట్టాలంటే కిందివాడి దగ్గర గుంజాలి. కిందివాడికి కరువొస్తే పైవాడి గడువు ఆగదు. రాజుల విదేశాంగ విధానం అడవిలో గూడెం దాకా దిగేసరికి పన్ను అవుతుంది, పన్ను కట్టకపోతే దండు అవుతుంది. మన తెలుగులో కప్పం అన్న మాట ఇప్పటికీ తిట్టులాగే వినిపించడం ఊరికే కాదు.

2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జాతర జరిగింది. నిలువెత్తు బంగారం మొక్కు చూసే ఉంటారు. కాంటా మీద ఒకవైపు మనిషి, ఇంకోవైపు బెల్లం. బెల్లాన్నే అక్కడ బంగారం అంటారు. జాతర జాతరకూ మంత్రులూ ఎమ్మెల్యేలూ వచ్చి తూకానికి కూర్చుంటారు, ఫొటోలు దిగుతారు. 2023 ఫిబ్రవరిలో రేవంత్ రెడ్డి పాదయాత్ర మొదలుపెట్టింది మేడారం నుంచే. అదే అక్టోబర్‌లో ప్రధాని మోదీ ములుగులో సమ్మక్క సారక్క పేరు మీద కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం ప్రకటించారు. 2014 విభజన చట్టంలో రాసిన హామీ అది, చట్టంగా పార్లమెంటు దాటడానికి 2023 డిసెంబర్ దాకా పట్టింది. అమ్మల పేరు అందరికీ కావాలి. అమ్మలు ఎందుకు యుద్ధం చేశారన్నది మాత్రం ఎవరికీ అక్కర్లేదు. కప్పం కట్టలేమన్నందుకు ఒక రాజ్యం తన ప్రజల మీదికే దండు పంపింది. ఆ గుర్తును తీసేస్తే మిగిలేది బెల్లమే.

*

ఇప్పుడు 1951కి పోదాం. అంబేద్కర్ నెహ్రూ మంత్రివర్గం నుంచి ఎందుకు తప్పుకున్నారని అడిగితే హిందూ కోడ్ బిల్లు కోసం అని ఠక్కున చెప్తాం. నిజమే. కానీ సగం నిజం. 1951 సెప్టెంబర్‌లో రాజీనామా ఇచ్చిన ఆయన అక్టోబర్ 10న పార్లమెంటులో ప్రకటన చేయాలనుకున్నారు. ప్రతి ముందే ఇవ్వాలనీ, సాయంత్రమే చదవాలనీ డిప్యూటీ స్పీకర్ అనంతశయనం అయ్యంగార్ షరతు పెట్టారు. అంబేద్కర్ సభలోంచి బయటికి నడిచి ఆ ప్రకటనను పత్రికలకు ఇచ్చేశారు.

ఆ ప్రకటనలో ఆయన చెప్పిన కారణాలు చాలా ఉన్నాయి. తనకు ఆర్థిక, ప్రణాళిక వ్యవహారాల్లో చోటివ్వలేదు. వెనుకబడిన తరగతుల కమిషన్ వేయలేదు. అంటరానివారి స్థితి మారలేదు. హిందూ కోడ్ బిల్లును నడిమధ్యలో వదిలేశారు. వీటితో సమానంగా ఇంకో కారణం కూడా ఉంది: విదేశాంగ విధానం. స్వాతంత్ర్యం వచ్చిన రోజు ప్రపంచమంతా మనకు మిత్రులేననీ, నాలుగేళ్లలో ఐక్యరాజ్యసమితిలో మన తీర్మానాన్ని బలపరిచేవాళ్లే లేకుండాపోయారనీ అన్నారు. తర్వాత లెక్క ముందు పెట్టారు. దేశానికి ఏటా వచ్చే రాబడి 350 కోట్లయితే అందులో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయి. సగానికి పైన. ఈ ఖర్చు విదేశాంగ విధానం ఫలితమే అన్నారు. పాకిస్తాన్‌తో తగాదాకు మూలం కశ్మీర్, తూర్పు బెంగాల్‌లోని మనవాళ్ల స్థితి అని రెండు చెప్పి, దేశమంతా కశ్మీర్ గురించే మాట్లాడుతున్నది గానీ తూర్పు బెంగాల్‌లో నలుగుతున్న మనుషుల సంగతి పట్టడం లేదన్నారు. కశ్మీర్‌ను విభజించడమే దారి అన్నారు.

ఆయన చెప్పిన ప్రతిదాన్నీ తలకెత్తుకోమని నేను అనను. కశ్మీర్ మీద ఆయన మాటను ఇవాళ ఎవరికి కావలసిన ముక్క వాళ్లు కోసుకుంటున్నారు. నెహ్రూ అలీన విధానం మీదా, 1954లో రాజ్యసభలో పంచశీల మీదా ఆయన విమర్శల్లో నేను విభేదించేవి ఉన్నాయి. కానీ పద్ధతి చూడండి. మొట్టమొదటి సార్వత్రిక ఎన్నికల ముంగిట నిలబడి ఒక దళిత నాయకుడు సైన్యం ఖర్చునూ, అంటరానివాడి గుడిసెనూ ఒకే పద్దులో రాశాడు. ఇది మా విషయం, అది మీ విషయం అనలేదు. షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ ఎన్నికల ప్రణాళికలోనూ విదేశాంగ విధానానికి చోటుంది. రిజర్వేషన్ల మీద మాత్రమే మాట్లాడాలని మనకు గీసిన గీతను 1951లోనే ఆయన దాటారు. మనమే మళ్లీ గీత ఇవతలికి వచ్చి కూర్చున్నాం.

ఆ ఎన్నికల్లో ఆయన ఉత్తర బొంబాయిలో ఓడిపోయారు. ఫెడరేషన్‌కు దేశం మొత్తం మీద లోక్‌సభలో దక్కినవి రెండే స్థానాలు. ఒకటి షోలాపూర్. ఇంకొకటి మన కరీంనగర్! ద్విసభ్య నియోజకవర్గమైన కరీంనగర్ నుంచి ఫెడరేషన్ తరఫున ఎం.ఆర్. కృష్ణ, పీడీఎఫ్ తరఫున బద్దం ఎల్లారెడ్డి గెలిచారు. అక్కడ ఓడిన కాంగ్రెస్ అభ్యర్థి పి.వి. నరసింహారావు.

తెలంగాణ ఆ తీర్పు ఎందుకిచ్చింది? ఇక్కడివాళ్లకు సైన్యం అంటే సరిహద్దులో ఉండేది కాదు, ఊళ్లోకి వచ్చింది. 1948 సెప్టెంబర్ 13న నిజాం మీదికి వచ్చిన సైన్యం అయిదు రోజుల్లో ఆ పని ముగించింది. తర్వాత రజాకార్ల పాలన పోయిందని ఊపిరి పీల్చుకున్న రైతుల మీదికే మళ్లింది. సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబర్‌లో, అంటే అంబేద్కర్ సైన్యం పద్దు గురించి మాట్లాడిన నెలలోనే. గోదావరి అడవుల్లో కోయ గూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లోకి తోలిన సంగతి పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఆ గాయం పచ్చిగా ఉండగానే జనం ఓటేశారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఢిల్లీ దృష్టిలో అది విజయవంతమైన సైనిక చర్య. ఊరి దృష్టిలో లెక్క వేరే.

*

యుద్ధం మన ఓటును ఎప్పుడు కదిలించింది, ఎప్పుడు కదిలించలేదు? నాలుగైదు ఎన్నికలు వరసగా పెట్టి చూద్దాం.

1961 డిసెంబర్‌లో గోవా విముక్తి. రెండు నెలలకే ఎన్నికలు. రక్షణ మంత్రి కృష్ణ మీనన్ ఉత్తర బొంబాయిలో ఆచార్య కృపలానీ మీద ఘనంగా గెలిచారు. అదే ఏడు అక్టోబర్‌లో చైనా యుద్ధం వచ్చింది, సన్నద్ధత లేదని తేలింది, మీనన్ దిగిపోయారు. చిన్న గెలుపు చూసి వేసిన ఓటు పెద్ద లోపాన్ని పట్టుకోలేకపోయింది.

1971 ఇంకా చెప్పుకోదగ్గది. మార్చిలో లోక్‌సభ ఎన్నికలు. దేశమంతా ఇందిరాగాంధీ 'గరీబీ హటావో' గాలి. తెలంగాణ మాత్రం తన తూకం తను వేసుకుంది. 14 స్థానాల్లో 10 తెలంగాణ ప్రజా సమితికి ఇచ్చింది. 1969 కాల్పుల్లో పోయిన పిల్లల్ని ఇక్కడి జనం మరిచిపోలేదు. సెప్టెంబర్‌లో ప్రజా సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది, పి.వి. ముఖ్యమంత్రి అయ్యారు. ఆగస్టులో సోవియట్ ఒప్పందం, డిసెంబర్‌లో యుద్ధం, బంగ్లాదేశ్ పుట్టుక. 1972 మార్చి అసెంబ్లీ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 287 స్థానాల్లో కాంగ్రెస్‌కు 219.

ఆ యుద్ధం న్యాయమైనదా అంటే, తూర్పు బెంగాల్‌లో జరిగిన ఊచకోత చూసినవాళ్లెవరూ కాదనలేరు. కోటిమంది శరణార్థులు వచ్చారు. వాళ్ల కోసం ఉత్తరాల మీద 5 పైసల అదనపు బిళ్ల అంటించాల్సి వచ్చింది. జనం అంటించారు. కానీ ఆ గెలుపు తెచ్చిన ఓట్లతో ఏం జరిగింది? పి.వి. భూసంస్కరణలు చేస్తానన్నారు. 1972 అక్టోబర్‌లో ముల్కీ నిబంధనల మీద సుప్రీంకోర్టు తీర్పు, జై ఆంధ్ర ఉద్యమం, దాని వెనక భూస్వాముల కోపం, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన. యుద్ధం తెచ్చిన 219 స్థానాలు పాలేరుకు ఎకరం పంచడానికి పనికిరాలేదు. యుద్ధం నాయకుడికి బలం ఇస్తుంది. ఆ బలం ఎవరి మీద వాడతాడు, ఎవరి ముందు వాడలేడు అన్నది ఓటేసే ముందే చూసుకోవాలి.

ఇక 1984. వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టిన పి.వి. 1980 నుంచి 1984 జులై దాకా దేశానికి విదేశాంగ మంత్రి. అలీన దేశాల సదస్సు ఢిల్లీలో జరిగిన కాలం అది. డిసెంబర్ ఎన్నికల్లో, దేశమంతా రాజీవ్ గాలి వీస్తుండగా, హనుమకొండ జనం ఆయన్ని యాభై వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడించారు. గెలిచింది బీజేపీకి చెందిన చందుపట్ల జంగారెడ్డి, తెలుగుదేశం మద్దతుతో. ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద బీజేపీకి వచ్చిన రెండు స్థానాల్లో ఒకటి ఇది. ఆ పార్టీ చరిత్రలో దీన్ని గర్వంగా చెప్పుకుంటారు. నాకు కనిపించేది ఇంకొకటి. విదేశాంగ మంత్రి పెద్దమనిషే, పది భాషలు వచ్చిన పండితుడే, కానీ ఆయన ప్రపంచంతో మాట్లాడినది హనుమకొండ మనిషికి ఏ భాషలోనూ చేరలేదు. రామ్‌టెక్ నుంచి కూడా పోటీ చేశారు గనుక లోక్‌సభకు చేరారు. 1993లో చైనాతో సరిహద్దు శాంతి ఒప్పందం చేసుకున్న ప్రధాని ఆయనే. ఒక్క తూటా పేలకుండా మిగిలిన సైనికుల ప్రాణాలు ఎవరి ఓట్ల లెక్కలోనూ కనిపించవు. యుద్ధం గెలిచినవాడికి ఊరేగింపు. యుద్ధం రాకుండా చూసినవాడికి ఏమీ లేదు. ఇది కూడా మన తూకంలో ఉన్న లోపమే.

1999లో కార్గిల్. 527 మంది సైనికులు పోయారు. యుద్ధం ముగిసిన రెండు నెలలకు ఎన్నికలు. ఉమ్మడి రాష్ట్రంలో తెలుగుదేశం 29, దాని భుజం మీద బీజేపీ 7. కార్గిల్ నిజాయితీ ఏపాటిదో తర్వాత శవపేటికల కొనుగోలు ఆరోపణల్లో, 2001 తెహెల్కా వీడియోల్లో చర్చకొచ్చింది.

ఆ వీడియోల దగ్గర కాసేపు ఆగాలి. కెమెరాకు చిక్కినవాళ్లలో ఒకరు బంగారు లక్ష్మణ్. హైదరాబాద్‌లో పుట్టిన తెలుగు దళితుడు, బీజేపీకి జాతీయ అధ్యక్షుడైన మొదటి దళితుడు. 1991లో నంద్యాల ఉప ఎన్నికలో ప్రధాని పి.వి. మీద బీజేపీ నిలబెట్టింది ఆయన్నే. ఆయుధ వ్యాపారులమని చెప్పుకున్నవాళ్ల దగ్గర లక్ష రూపాయలు తీసుకుంటూ దొరికారు. పదవి పోయింది. 2012లో కోర్టు నాలుగేళ్ల శిక్ష వేసింది. అదే దుమారంలో రాజీనామా చేసిన రక్షణ మంత్రి జార్జి ఫెర్నాండెజ్ ఏడు నెలలకే మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నారు. లక్ష్మణ్ చేసింది తప్పే, మనవాడని వెనకేసుకురావాల్సిన పనిలేదు. కానీ ఆయుధాల వ్యాపారం ఎంత పెద్దదో, అందులో చివరికి జైలు మెట్లెక్కింది ఎవరో చూడండి. యుద్ధ రాజకీయంలో మనకు కుర్చీ దొరికినంత మాత్రాన అధికారం దొరికినట్టు కాదు.

*

ఓట్ల లెక్క అలా ఉంచండి. కప్పం లెక్కకు వద్దాం. యుద్ధం మనుషుల్ని ఎక్కడికి తోలుతుందో చూస్తే అది మన జిల్లాల్లోనే కనిపిస్తుంది.

తూర్పు బెంగాల్‌లో మనవాళ్లని అంబేద్కర్ అన్నది అక్కడ మిగిలిపోయిన వాళ్ల గురించి. అందులో పెద్ద సంఖ్య నామశూద్రులది, అంటే దళితులది. పాకిస్తాన్ తొలి మంత్రివర్గంలో చేరిన జోగేంద్రనాథ్ మండల్ 1950లో రాజీనామా చేసి భారత్‌కు వచ్చేశారు. తర్వాత వచ్చిన శరణార్థుల్లో పైకులాలవాళ్లు చాలామంది కలకత్తాలో స్థిరపడగలిగారు. నామశూద్రుల్ని దండకారణ్యానికి పంపారు. బస్తర్, మల్కన్‌గిరి, మన కాగజ్‌నగర్ పక్కన నజ్రుల్‌నగర్. బెంగాల్‌లో ఎస్సీ అయిన నామశూద్రుడు మన రాష్ట్ర ఎస్సీ జాబితాలో లేడు. విభజన అనే నిర్ణయం ఎవరిదో, దాని కప్పం మూడు తరాలుగా కడుతున్నది ఎవరో!

ఇప్పుడు మేడారం చుట్టూ చూడండి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు తగలబడి గోదావరి దాటి వచ్చిన గొత్తికోయలు ములుగు, భద్రాద్రి అడవుల్లో బతుకుతున్నారు. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పేనాటికే వీళ్లు ఊరు వదిలేశారు. ఇక్కడికొస్తే అటవీశాఖ. 2017 సెప్టెంబర్‌లో ఇదే తాడ్వాయి మండలం జలగలంచలో వాళ్ల ఇళ్లు కూల్చారు. అక్కడ ఎస్టీ, ఇక్కడికొస్తే కాదు. ఓటరు కార్డు దొరికినవాడికి కూడా కుల ధ్రువపత్రం దొరకదు, పట్టా దొరకదు. నామశూద్రుడికి జరిగిందే మళ్లీ గొత్తికోయకు జరిగింది. ఒకరిది దేశాల మధ్య గీత, ఇంకొకరిది దేశం లోపలి యుద్ధం. ఇద్దరూ గీత దాటగానే కాగితం మీద మాయమయ్యారు. 2024 ఏప్రిల్ 16న, ఎన్నికల ప్రచారం మధ్యలో, కాంకేర్‌లో 29 మందిని కాల్చి చంపారు. ఆ కాల్పులు ప్రచార సభల్లో విజయంగా వినిపించాయి. మేడారం మీదుగా వచ్చే తర్వాతి కుటుంబం గురించి ఏ సభలోనూ వినపడలేదు.

భూమి సంగతీ అంతే. అణు విధానం ఢిల్లీలో తయారవుతుంది, యురేనియం కోసం డ్రిల్లు నల్లమలలో దిగుతుంది. 2019లో చెంచులూ, విద్యార్థులూ, రచయితలూ కలిసి గొడవ చేస్తే అసెంబ్లీ వ్యతిరేక తీర్మానం చేసింది. 2024 జనవరిలో వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో దాదాపు 2,900 ఎకరాలు నౌకాదళ రాడార్ కేంద్రానికి ఇచ్చేశారు. జలాంతర్గాములతో మాట్లాడే కేంద్రం సముద్రం లేని మన జిల్లాకు వచ్చింది. దేశ రక్షణకు అది అవసరమా కాదా అన్నది నిజమైన చర్చే. ఆ చర్చలో అక్కడ పశువులు మేపుకునేవాళ్లకు కుర్చీ వేశారా అన్నదే నా ప్రశ్న. ప్రక్రియ మొదలుపెట్టింది ఒక ప్రభుత్వం, భూమి చేతులు మార్చింది తర్వాతి ప్రభుత్వం. జెండాలు వేరే అయినా ఫైలు ఒకటే.

*

ఇక విద్యార్థులకు ఒక మాట. ఈ లెక్కలో మీరు కూడా ఉన్నారు.

2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించారు. నాలుగేళ్ల కొలువు, తర్వాత నలుగురిలో ముగ్గురు ఇంటికి. మూడు రోజులకు సికింద్రాబాద్ స్టేషన్లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన కుర్రాడు మన వరంగల్ జిల్లావాడు. సరిహద్దులో ప్రాణమివ్వడానికి పొద్దున్నే లేచి పరుగులు తీసిన పిల్లవాడు రైల్వే స్టేషన్లో పోయాడు. సైన్యంలో చేరేది ఎవరి పిల్లలో మీకు చెప్పాలా? ఎకరం రెండెకరాల రైతులు, కూలీలు, ఇంటర్ చదివి ఇంకేం దొరకని ఇళ్ల పిల్లలు. టీవీలో యుద్ధం కావాలని అరిచేవాడి కొడుకు ఫిజికల్ టెస్టు గ్రౌండ్‌లో కనిపించడు.

అదే ఏడు ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం. వైద్యం చదువుతున్న మన పిల్లల్ని ఆపరేషన్ గంగ పేరుతో విమానాల్లో తెచ్చారు. అది మంచి పని, ఒప్పుకోవాలి. దాన్ని 2024లో ఎన్నికల ప్రకటనగా తిప్పారు. ఆ పిల్లలు అంత దూరం ఎందుకు పోయారని ప్రకటనలో ఉండదు. ఇక్కడ ప్రైవేటు కాలేజీ ఫీజు కట్టలేకపోవడం వల్ల పోయారు. సన్‌ఫ్లవర్ నూనె ధర మండింది. ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్లకు చేరింది. ములుగులో మిర్చి రైతుకు ఐక్యరాజ్యసమితి ఓటింగు ఏమిటో తెలియకపోవచ్చు. బస్తా కోసం లైన్లో నిలబడ్డప్పుడు అది ఆయన దాకా వచ్చింది.

తర్వాత ఇంకో దశ. సహాయకుల ఉద్యోగాలని నమ్మించి రష్యాకు తీసుకెళ్లి యుద్ధంలోకి తోసిన యువకుల్లో మన హైదరాబాద్ వాడు ఒకడు చనిపోయినట్టు 2024 మార్చిలో తెలిసింది. గాజాలో బాంబులు పడుతుండగానే ఇజ్రాయెల్‌లో భవన నిర్మాణ కూలీల కోసం హర్యానాలో, ఉత్తరప్రదేశ్‌లో ప్రభుత్వమే ఎంపికలు నడిపింది. పాలస్తీనా కూలీలు రాకుండా ఆపి ఖాళీ అయిన చోట్లవి. గాజాలో కాల్పుల విరమణ తీర్మానానికి మన దేశం 2023 అక్టోబర్‌లో ఓటు వేయకుండా తప్పుకుంది, డిసెంబర్‌లో అనుకూలంగా వేసింది. ఈ రెండు ఓట్ల మధ్య ఏం మారిందో పార్లమెంటులో ఎవరు అడిగారు?

2024 మధ్యంతర బడ్జెట్‌లో రక్షణకు 6.21 లక్షల కోట్లు. గిరిజన వ్యవహారాల శాఖకు 13,000 కోట్లు. మిగతా శాఖల్లో ఎస్టీల పేరు మీద రాసే పద్దులు వేరుగా ఉన్నాయి, అది మరిచిపోయి రెండు అంకెలనే పక్కపక్కన పెట్టి గుండెలు బాదుకోవడం సరికాదు. రక్షణ ఖర్చు వద్దనడం కూడా బాధ్యత లేని మాటే. 2020 జూన్‌లో గల్వాన్‌లో పోయిన 20 మందిలో సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు ఉన్నారు. ఆ ప్రాణాలకు విలువ ఇవ్వడమంటే వాళ్ల ఫొటో పెట్టి ఓట్లడగడం కాదు. ఆ రాత్రి అలా ఎందుకు జరిగిందో, ఇప్పుడు సరిహద్దు ఎక్కడుందో సభలో చెప్పడం.

*

మేడారం ఉన్న మహబూబాబాద్ ఎస్టీ స్థానంలో 2024లో ఒక వింత అవకాశం దొరికింది. పోటీలో ఉన్న ముగ్గురు ముఖ్య అభ్యర్థులూ అప్పటికే ఇదే స్థానానికి తలా ఒకసారి ఎంపీగా పనిచేసినవాళ్లే. 2009లో కాంగ్రెస్ బలరాం నాయక్, 2014లో అప్పటి టీఆర్‌ఎస్, 2024లో బీజేపీ సీతారాం నాయక్, 2019లో అప్పటి టీఆర్‌ఎస్, ఇప్పటి బీఆర్‌ఎస్ మాలోత్ కవిత. హామీల మీద తూచాల్సిన పని లేకపోయింది. చేసిన అయిదేళ్ల మీద తూచే వీలుండింది.

ఊళ్లోకి ప్రచారానికి ఎవరు వచ్చినా వాళ్లను అడగండి. మర్యాదగానే అడగండి. మీ అయిదేళ్లలో యుద్ధం, సైన్యం, విదేశాంగ విధానం మీద సభలో ఒక్క ప్రశ్నైనా వేశారా? సల్వాజుడుం బాధితులకు మన వైపు ఎస్టీ గుర్తింపు గురించి ఏ మంత్రికి లేఖ రాశారు? అగ్నిపథ్ మీద మీ పార్టీ మాట సరే, మీ మాట ఏమిటి? 2024 కాంగ్రెస్ ప్రణాళికలో అగ్నిపథ్ రద్దు చేస్తామని ఉంది, ఇప్పటికే చేరిన పిల్లల సంగతేమిటి? 2024లో అంబేద్కర్ జయంతి రోజునే ప్రణాళిక విడుదల చేసిన బీజేపీ, ఆయన 1951లో అడిగిన లెక్కకు 2024కి ముందు పదేళ్ల లెక్క ఇస్తుందా? పార్టీ పేరులో 'భారత' చేర్చుకున్న బీఆర్‌ఎస్‌కు విదేశాంగ విధానం అంటూ ఒకటుందా?

జవాబు రాకపోవచ్చు. "మీకెందుకివన్నీ, పింఛను వస్తుందా లేదా చెప్పండి" అని నవ్వవచ్చు. ఆ నవ్వు కూడా ఒక జవాబే, రాసిపెట్టుకోండి. ఓటు ఎవరికి వేయాలో నేను చెప్పను. తూకం వేసేటప్పుడు నాలుగు బాట్లు వేయమంటాను: ఎవరి పిల్లలు పోయారు, ఎవరి ఊరు ఖాళీ అయింది, ఎవరి భూమి పోయింది, ఎవరి పన్ను పోయింది. ఈ నాలుగింటికీ మన ఇళ్లే జవాబైతే, విదేశాంగ విధానం మీద మాట్లాడే మొదటి హక్కు కూడా మనదే.

మీ ఊళ్లలో ఎవరైనా ఈ ప్రశ్నలు అడిగితే ఏం జవాబొచ్చిందో ఇక్కడ రాయండి. వచ్చే భాగంలో ఆ జవాబులతోనే మొదలుపెడదాం.

జై భీమ్. జై సమ్మక్క సారలమ్మ.